ముంగురులు

ఈనాడు నేను మాటలాడదలచిన విషయము కొలతకు చాల చిన్నది. నుదుటి పై అంచున, చెంపలకు ఎగువను, చెవుల ముందరను, మెడ వెనుకను, జడలో ఇమడక, నూనెకు లొంగక, దువ్వెన పండ్లకు అందక, తలంటుకొన్ననాడు మరింత రేగి, చెమటపట్టిననాడు నుదుటికి అంటుకొని, పెండ్లిలో ఫోటో తీయించుకొను సమయమునకు సరిగా లేచి నిలుచు ఆ చిరుకురులను గూర్చియే నేటి ప్రసంగము. మన ప్రబంధకవులు వానిని ముంగురులని, అలకలని పిలిచి ఎంతయో కొనియాడిరి, తల్లులు మాత్రము పండుగనాడు కూతునకు జడ వేయుచు, దోసిట నీళ్లు తీసికొని ఆ ముంగురులను తడిపి తడిపి వెనుకకు అదుముచు, “ఎంత దువ్వినా అణగవేమే ఇవి!” అని విసుగుకొనుచుందురు. కవుల మెచ్చుకోలును న్యాయమే, తల్లుల విసుగును న్యాయమే. కాని తలకట్టులో మిక్కిలి సుకుమారమైన భాగము ఈ నుదుటి అంచు. నడినెత్తి వెంట్రుకకు చేయవలసిన ఉపచారము వేరు, ఇచటి వెంట్రుకకు చేయవలసిన ఉపచారము వేరు. ఈ భేదమును గమనింపక, నడుముదాక దిగు జడకు పనికివచ్చు బలమునే నుదుటి నూగుపైనను ప్రయోగించుటచేత, ముంగురులు అణగుటకు మారుగా వాని వెనుకటి జుట్టు క్రమముగా పలుచబడి, ముప్పదియేండ్లు నిండకమునుపే నుదురు వెడల్పగుచున్న స్త్రీలు మనలో కలరు. ఆ నష్టము రాకుండ, రేగుడు కంటికి ఎబ్బెట్టుగా తోపకుండ, ఏమి చేయవచ్చునో, ఏమి చేయరాదో చెప్పుటయే నా ఉద్దేశము.

మన తలపైన ఇంచుమించు 1,00,000 వెంట్రుకలు ఉండునని శాస్త్రజ్ఞుల అంచనా. ఒక్కొక్క వెంట్రుక ఒక్కొక్క రోమకూపమునుండి పుట్టి, కొంతకాలము పెరిగి, కొంతకాలము విశ్రమించి, రాలిపోవును. పిమ్మట అదే కూపమునుండి క్రొత్త వెంట్రుక మొలచును. నడినెత్తిపైన ఈ పెరుగుదల కాలము 2 నుండి 6 సంవత్సరములు. నెలకు సుమారు ఒక సెంటీమీటరు చొప్పున పెరుగునది కావున, ఆరేండ్లు పెరిగిన వెంట్రుక నడుమును అందుకొనును. నుదుటి అంచున ఉన్న కూపములు చిన్నవి, లోతు తక్కువవి. అచటి వెంట్రుక పెరుగుకాలము మిక్కిలి స్వల్పము. అందుచేత ఎన్నేండ్లు గడచినను అది పొట్టిగనే ఉండి, తన గడువు తీరగానే రాలి, తన స్థానమున మరియొక పొట్టివెంట్రుకకు చోటిచ్చును. జడలోనికి చేరునంతటి పొడవు దానికి పుట్టుకతోనే లేదు. ఎంత నూనె పోసినను, ఎంత లాగి దువ్వినను అది పొడవగునని ఆశించుట వ్యర్థము.

నుదుటి నూగును గూర్చిన అపోహలు పసితనమునుండియే మొదలగును. గర్భమందున్న శిశువు ఒడలెల్ల కప్పియుండు మెత్తని నూగు ప్రసవమునకు ముందే చాలవరకు రాలిపోవును. మిగిలినది పుట్టిన కొలదివారములలో తానే పోవును. బిడ్డ నుదుట ఆ నూగు కనబడినంతనే సున్నిపిండితో నలుగు పెట్టి గట్టిగా రుద్దుట మన పెద్దల ఆచారము. మృదువుగా పెట్టిన నలుగువలన బిడ్డకు హాయి కలుగవచ్చును గాని, నూగు పోవుట నలుగు మహిమ కాదు. రుద్దినను రుద్దకున్నను అది పోవునదే. పసిచర్మము కందునట్లు రుద్దుట మాత్రము కూడదు. పుట్టువెంట్రుకలు తీయించిన బిడ్డకు జుట్టు ఒత్తుగా వచ్చునను నమ్మకమును ఇట్టిదే. తిరుమలలోనో, సింహాచలములోనో, యాదగిరిగుట్టలోనో మ్రొక్కు తీర్చుకొనుట భక్తికి సంబంధించిన మాట. అందు నాకు వివాదము లేదు. కాని క్షౌరమువలన వెంట్రుక లావగునని తలచి కొందరు యువతులు నుదుటి ముంగురులపై కూడ కత్తి ఆడించుచున్నారు. మిల్డ్రెడ్ ట్రాటర్ అను అమెరికా శరీరశాస్త్ర విదుషి ఈ విషయమును కొలతలు తీసి పరీక్షించి, క్షౌరమువలన వెంట్రుక లావు గాని, పెరుగు వేగము గాని మారదని 1928లోనే ప్రకటించెను. గొరిగిన వెంట్రుక మొన తెగి మొండిగా ఉండుటచేత చేతికి గరుకుగా తగులును. ఆ గరుకుదనమునే మనము లావు అని భ్రమపడుదుము.

ఈ మొనను కొంచెము నిదానముగా పరిశీలింపవలెను. మీ నుదుట రేగుచున్న వెంట్రుకలు పుట్టుకచేత పొట్టివా, క్రొత్తగా మొలచుచున్నవా, లేక పొడవైనవే నడుమ తెగినవా అని తెలిసికొనుట మొట్టమొదట చేయవలసిన పని. పగటివేళ కిటికీకడ కూర్చుండి, నుదుటి అంచున లేచిన వెంట్రుకల వెనుక ఒక తెల్లకాగితమును ఆనించి, చేతి అద్దములో చూచినచో మొనలు స్పష్టముగా కనబడును. క్రొత్తగా మొలచిన వెంట్రుక మొన ఎన్నడును కత్తెర ఎరుగనిది కావున, రానురాను సన్నబడి సూదిగా ముగియును. పుట్టుక పొట్టివెంట్రుకయు అట్లే ముగియును గాని మొదలునుండియే మరింత సన్నము, వెలుతురులో కొంచెము ఎరుపుడాలు కనబడును. తెగిన వెంట్రుక అట్లు కాదు. మొదలునుండి తుదివరకు ఒకే లావున ఉండి, మొన మొండిగానో, రెండుగా చీలియో ఉండును. సూదిమొనలు మెండుగా కనబడినచో సంతోషింపుడు. మొండిమొనలు మెండుగా కనబడినచో మీ దువ్వెనను, రబ్బరుబ్యాండును, తలగడ గలేబును అనుమానింపుడు.

సూదిమొనల ముంగురులు ఒక్కసారిగా గుంపుగా మొలచు సందర్భము ఒకటి కలదు. ఆ సమయమున స్త్రీలు పడు దిగులు ఇంతింత కాదు గనుక దానిని గూర్చి విశేషముగా చెప్పవలసియున్నది. గర్భిణీదశలో ఈస్ట్రోజెన్ అను హార్మోను శరీరమున మెండగుటచేత, విశ్రాంతికి పోవలసిన వెంట్రుకలు పోక, పెరుగుచునే యుండును. ఆ తొమ్మిదినెలలు జడ ఒత్తుగా నుండుటకు కారణమదియే. ప్రసవమై ఆ హార్మోను తగ్గగానే, ఆగియున్న వెంట్రుకలు పెక్కు ఒకేమారు విశ్రాంతిదశకు చేరి, రెండుమూడు నెలలు గడచిన తరువాత ఒకేమారు రాలనారంభించును. మూడవనెలలోనో నాల్గవనెలలోనో బాలింతకు దువ్వెననిండ జుట్టు ఊడివచ్చుట, స్నానాలగది తూముకడ ఉండలుగా చేరుట, కణతలవద్ద చర్మము బయటపడుట చూచి, బిడ్డకు పాలిచ్చుటవలననే ఇట్లగుచున్నదని ఇంటిలోనివారు చెప్పగా విని, పాలు మాన్పింపదలచు తల్లులును లేకపోలేదు. అట్టి పని ఎంతమాత్రము చేయకుడు. బిడ్డ నోటి పాలు తీసివేసినంతమాత్రమున ఈ రాలుట ఆగదు. ఆగవలసిన సమయమునకు తానే ఆగును. రాలిన చోటనే క్రొత్త వెంట్రుక మొలచును, ఏడాది తిరుగునప్పటికి చాలమందికి జుట్టు ఎప్పటి స్థితికి వచ్చును. బిడ్డకు అన్నప్రాశనము ముగిసి, వాడు ఇల్లంతయు ప్రాకుచున్న దినములలో, తల్లి నుదుటిచుట్టును అంగుళమో, అంగుళమున్నరయో పొడవుగల క్రొత్తవెంట్రుకలు నిలువుగా లేచి కనబడును. తగినంత బరువు లేకపోవుటయే అవి లేచుటకు కారణము; మరి నాలుగైదు నెలలకు తమ బరువుచేత తామే వంగును. ఆ మొలకలను చూచి కంటనీరు పెట్టుకొను తల్లికి, “నీ జుట్టు తిరిగి వచ్చుచున్నదమ్మా” అని ప్రక్కవారు ఒక్కమాట చెప్పినచో ఎంత ఊరట! టైఫాయిడు, డెంగ్యూ వంటి తీవ్రజ్వరములు తగిలి లేచినవారికిని ఇదే క్రమము. జ్వరము తగ్గిన రెండుమూడు నెలలకు జుట్టు రాలును, పిదప నుదుటి అంచున మొలకలు వచ్చును.

ఇక రేగుటకు గల కారణము. వెంట్రుకలో ప్రధానపదార్థము కెరాటిన్ అను మాంసకృత్తు. అది గాలిలోని తేమను పీల్చుకొని ఉబ్బి సాగును, ఆరినపుడు మరల కుంచించుకొనును. బొత్తిగా పొడిగాలినుండి నిండుతేమగల గాలిలోనికి వచ్చిన వెంట్రుక పొడవు నూటికి రెండుపాళ్లకు పైచిలుకు హెచ్చును. ఈ గుణమును ఆధారము చేసికొనియే జెనీవా నగరవాసియగు ఓరాస్ బెనెడిక్ట్ ది సొస్యూర్ అను శాస్త్రజ్ఞుడు మనుష్యుల తలవెంట్రుకతో గాలిలోని తేమను కొలుచు యంత్రమును నిర్మించి, 1783లో ఆ విషయమున గ్రంథము ప్రకటించెను. అట్టి వెంట్రుకయంత్రములు ఇరువదవ శతాబ్దమున గూడ వాతావరణ కేంద్రములలో పనిచేసినవి. ఆ యంత్రములోని వెంట్రుక ఎట్లు ప్రవర్తించునో, మన నుదుటి వెంట్రుకయు అట్లే ప్రవర్తించును. అనంతపురపు పొడిగాలిలో ఒద్దికగా పడియున్న ముంగురులు, విశాఖపట్టణమునందో మచిలీపట్టణమునందో రైలు దిగినంతనే వంకరలు తిరిగి లేచుట ఆ యూళ్లకు కోడండ్రుగా పోయిన పడుచులందరికి తెలిసినదే. అది తలలోని లోపము కాదు, సముద్రపుగాలి. పొడవైన వెంట్రుకను దాని బరువును, ప్రక్కవెంట్రుకల ఒత్తిడియు క్రిందికి నిలిపి ఉంచును. పొట్టి ముంగురులకు ఆ రెండు ఆధారములును లేవు. చికాగో వంటి చలినగరములకు చదువులకును, ఉద్యోగములకును పోయిన మన పిల్లలు దీనికి సరిగా విపరీతమైన కారణముచేత ఇదే బాధ పడుచుందురు. శీతకాలమున ఇండ్లను వేడిచేయుటవలన లోపలి గాలి మిక్కిలి పొడిబారి, ఉన్నిటోపీ తీసినంతనే వెంట్రుకలలో విద్యుదావేశము పుట్టి, అవి ఒకదానినొకటి త్రోసికొని లేచును. తడిచేతితో నిమిరి, ఇంచుక నూనె పట్టించినచో వారి బాధ తీరును.

వెంట్రుక పైపొరను సూక్ష్మదర్శినితో చూచినచో, పెంకుటింటి కప్పుమీద పెంకులు ఒకదానిపై నొకటి ఆనియున్నట్లు, పలుచని పొలుసులు మొదలునుండి మొనవైపునకు వరుసలు తీరి కనబడును. అవి అణగియున్నంతకాలము వెంట్రుక నున్నగా మెరయును. లేచినచో గరుకై, ప్రక్కవెంట్రుకతో చిక్కుపడి, తేమను యథేచ్ఛగా లోనికి రానిచ్చును. ఆ పొలుసులను లేపునవి ముఖ్యముగా క్షారము, రాపిడి, మితిమీరిన వేడి. ఒంటిసబ్బుతో తల రుద్దుకొనుట నేటికిని పెక్కు ఇండ్లలో ఉన్నది. సబ్బు క్షారగుణము గలది. పైగా బోరునీటిలో ఉండు లవణములతో కలిసి తెల్లని జిడ్డుగా వెంట్రుకకు అంటి, ఎంత కడిగినను వదలదు. కుంకుడురసమునకు ఈ దోషము లేదు. అది కొంచెము ఆమ్లగుణము కలది, ఉప్పునీటిలోను నురుగునిచ్చును. సీకాయయు అట్టిదే. రాత్రి కాయలు చితుకగొట్టి, గింజలు తీసి, వేడినీట నానవేసి, తెల్లవారి పిసికి వడబోసి, కంటిలో పడి మంటయని ఏడ్చు పిల్లల నోట ఉప్పుకల్లు వేయుచు అమ్మమ్మలు పోసిన తలంట్లు ఊరక ఆచారముగా పుట్టినవి కావు. అయినను కుంకుడు చిక్కనిదైనచో వెంట్రుకకు అవసరమైన జిడ్డును గూడ లాగివేయును; నుదుటి అంచునకు పలుచని రసము చాలును.

తలంటు ముగిసిన పిమ్మట మోటుతువాలుతో ముందుజుట్టును పరపర రుద్దుట మానవలెను. తడివెంట్రుక బలహీనమైనది, లాగినచో ఇంచుమించు మూడవవంతు సాగి, ఆపైన దెబ్బతినును. పాతబడి మెత్తనైన నూలుపంచె గుడ్డతో అద్ది, నీరు పీల్చనిచ్చి, ముంగురులు ఇంకను చెమ్మగా ఉండగనే, అవి ఏ దిక్కునకు పోవలెనని మీరు కోరుదురో ఆ దిక్కునకు వ్రేళ్లతో నిమిరి వదలవలెను. ఆరునప్పుడు వెంట్రుక ఏ వంపున ఉండునో, మరల తేమ తగులుదాక ఆ వంపుననే నిలువజూచును. ముంగురులను దిద్దుటకు దినము మొత్తములో అనువైన సమయము ఈ కొలదినిమిషములే. పూర్తిగా ఆరిన తరువాత పడు శ్రమకు ఫలితము స్వల్పము.

నూనె విషయమున కొబ్బరినూనెకు మన పెద్దలు ఇచ్చిన గౌరవము సరియైనదే. కొబ్బరినూనెను, ప్రొద్దుతిరుగుడునూనెను, ఖనిజతైలమును వెంట్రుకలపై పరీక్షించి ముంబాయి పరిశోధకులు 2003లో ప్రకటించిన ఫలితములనుబట్టి, వెంట్రుకలోని మాంసకృత్తు నష్టమును తగ్గించినది ఆ మూడింటిలో కొబ్బరినూనె ఒక్కటియే. దాని అణువు చిన్నదై, తిన్ననిదై ఉండుటచేత వెంట్రుక లోపలికి చొరగలదని వారి వివరణ. కాని ముంగురులకు కావలసినది ఒక్క చుక్కలో కొంత భాగము మాత్రమే. అరచేత చుక్క వేసి, రెండుచేతులు రుద్ది, మొదట జడకు రాచి, చేతికి మిగిలిన జిడ్డుతో నుదుటి అంచును నిమిరినచో సరిపోవును. నుదుటికి కారునట్లు నూనె పెట్టినచో మరియొక చిక్కు వచ్చును. తలకు చిక్కని లేపనములు రాచుకొను నల్లజాతి పురుషుల నుదుటను, కణతలను వచ్చు మొటిమలను అమెరికా వైద్యులు పరిశీలించి, 1970లో వానికి ఆ లేపనముల పేరనే నామకరణము చేసిరి. మన పిల్లల నుదుట, సరిగా జుట్టు అంచు వెంబడి చిన్నచిన్న పొక్కులు వచ్చినపుడు, వయసు మొటిమలని ఊరకుండక, ముందు నూనె తగ్గించి చూడవలెను.

నూనెకంటె ముంగురులకు నేను ఎక్కువగా మెచ్చుకొనునది మందారాకు జిగురు. గుప్పెడు లేత ఆకులను కడిగి, కొలదినీటిలో వ్రేళ్లతో పిసికి, పలుచని గుడ్డతో వడబోసినచో, వ్రేలు పైకెత్తినపుడు తీగ సాగు పచ్చని జిగురు వచ్చును. చెమ్మగానున్న ముంగురులపై దానిని పలుచగా రాచి ఆరనిచ్చినచో, కంటికి కనబడని పొరయై ఆ చిరువెంట్రుకలను ఒకదానితో నొకటి కూర్చి, నిమిరిన దిక్కుననే నిలుపును. నీటితో కడిగిన పోవును. కలబంద గుజ్జు, ఉడికించి వడబోసిన అవిసెగింజల జిగురు ఇట్టివే. ఏ పూటకు ఆ పూట చేసికొనవలెను, నిలువ ఉంచినచో పాడగును. కలబంద సరిపడక చర్మము దురదపెట్టువారు కలరు కావున, మొదట ముంజేతిపై రాచి ఒక దినము చూచుట మంచిది. దిద్దుటకు దువ్వెనకంటె మెత్తని పండ్లబ్రష్షు అనుకూలము. ఇందుకని వేరుగా ఒకటి ఉంచుకొనవలెను.

ఈ పండ్లబ్రష్షు ఉపాయమును ఒక కళగా పెంచినవారు అమెరికాలోని నల్లజాతి స్త్రీలు. వారు నుదుటి అంచున ఉన్న చిరుకురులను జిగురుతో తడిపి, బ్రష్షుతో అలలుగా, చుట్టలుగా చర్మమునకు అంటునట్లు తీర్చికొందురు. 1925లో అమెరికానుండి పారిస్ చేరి తన నాట్యముచేత ఐరోపాను ఆకర్షించిన జోసెఫిన్ బేకర్, పొట్టిగా కత్తిరించిన జుట్టును నున్నగా దువ్వి, నుదుటను చెంపలను ఇట్లే చుట్టలు తీర్చుకొనెడిది. ఆ తీరు ఎంత ప్రసిద్ధమాయెననగా బేకర్‌ఫిక్స్ అను పేర కేశలేపనము కూడ అమ్మకమునకు వచ్చెను. తమ రింగుల జుట్టును చిన్నచూపు చూచిన సమాజమున, ఆ రింగులనే శోభగా నిలిపిన వారి ఆత్మగౌరవము నాకు మిక్కిలి గౌరవపాత్రముగా తోచును. మన దేశమున సైతము, 1960లో వచ్చిన ‘లవ్ ఇన్ సిమ్లా’ అను హిందీచిత్రమున నటి సాధన తన విశాలమైన నుదుటిని కప్పుటకై ముందుజుట్టు కత్తిరించుకొని కనబడగా, ఊరూర ఆడపిల్లలు సాధనాకటింగు కావలెనని పట్టుపట్టిరి. కత్తెరతో తెచ్చుకొన్న ముంగురులు అందమైనపుడు, పుట్టుకతో వచ్చినవి లోపమెట్లగును?

ఇప్పుడు నేను అన్నిటికంటె ముఖ్యముగా చెప్పదలచిన సంగతికి వచ్చుచున్నాను. నుదుటి జుట్టునకు మనము చేయు అపచారములలో పెద్దది బిగువు. ఉదయము బడిబస్సు వచ్చు వేళకు తల్లి పీటపై కూర్చుండి, కూతును ముందర కూర్చుండబెట్టుకొని, పాపట తీసి, ముందరి వెంట్రుక ఒక్కటియు విడువక వెనుకకు లాగి, రెండు జడలు అల్లి, మడిచి రిబ్బను కట్టును. “అబ్బా, లాగకే అమ్మా!” అని పిల్ల అనును. “సాయంత్రందాకా చెదరకుండా ఉండాలా, వద్దా?” అని తల్లి అనును. జడ ముగిసిన తరువాత ఆ పిల్ల కణతలకడ ఒక్కమారు పరిశీలనగా చూడుడు: కనుబొమ తుద పైకి లాగబడి యుండును, వెంట్రుకల మొదళ్లచుట్టును చర్మము చిన్నచిన్న గుబ్బలుగా లేచి యుండును, కొన్నిచోట్ల ఎఱ్ఱని చుక్కలును, చీముపొక్కులును కనబడును. రోమకూపము నొప్పి పడుచున్నదనుటకు అవి గుర్తులు. దినమునకు ఎనిమిది, పది గంటల చొప్పున ఏండ్ల తరబడి ఆ లాగుడు సాగినచో, కూపము కుంచించి, వెంట్రుక నానాటికి సన్నబడి, తుదకు మొలచుట మానును.

ఇది నేడు కనిపెట్టిన సంగతి కాదు. జుట్టునంతను బిగలాగి ముడివేసికొను గ్రీన్‌లాండు స్త్రీలకు నుదుటి అంచున జుట్టు పోవుచుండుట 1907లో వైద్యగ్రంథములకెక్కెను. అటుపిమ్మట తలపాగా క్రింద జుట్టు బిగించి ముడుచు సిక్కు యువకులలోను, బ్యాలే నర్తకులలోను, సన్నని పాయలు బిగువుగా అల్లుకొను ఆఫ్రికాసంతతి స్త్రీలలోను ఈ వ్యాధి గుర్తింపబడెను. మన నాట్యపాఠశాలలు దీనిని పట్టించుకొనవలెనని నా కోరిక. కూచిపూడి సంప్రదాయమున జడకు గల గౌరవము సామాన్యమైనది కాదు. భామాకలాపమున సత్యభామ తెరమీదుగా జడ వేసి ప్రవేశించుట లోకప్రసిద్ధము, వేదాంతం సత్యనారాయణశర్మగారు ఆ పాత్ర ధరించి యావద్దేశమును మెప్పించిరి. అట్టి జడను తక్కువచేయుట నా అభిమతము కాదు. కాని సవరమును, నాగరమును, జడకుప్పెలను, పూలదండలను కలిపి మోయునవి నర్తించు పిల్ల తలలోని ముందరి వెంట్రుకలే. ఎప్పుడో ఒకనాటి ప్రదర్శనమువలన ప్రమాదము లేదు. నిత్యాభ్యాసమునకు గూడ అంతటి బిగువున ముడి వేయించుటవలననే ముప్పు. అడుగులు నేర్చుకొను వేళ వదులుజడ చాలదా?

ఈ వ్యాధికి గల ఒక ఆనవాలును వైద్యులు 2011లో వివరించిరి. లాగుడుచేత జుట్టు అంచు వెనుకకు జరిగినను, పూర్వపు అంచు వెంబడి సన్నని ముంగురుల వరుస ఒకటి మిగిలియుండును. ఆ పొట్టివెంట్రుకలు జడకు అందవు, కావున లాగుడు వానిపై పడదు. జడలో చిక్కినవే నశించును. దువ్వెనకు లొంగలేదని మనము విసుగుకొన్న ఆ ముంగురులు, లొంగకపోవుటచేతనే బ్రతికినవి. నుదుట ఆ సన్నని వరుసయు, దానికి వెనుక పలుచనై మెరయు చర్మమును కనబడినచో, ఇక ఆలస్యము చేయరాదు. తొలిదశలో బిగువు మానినచో జుట్టు మరల వచ్చును. ఏండ్ల తరబడి లాగిన పిమ్మట కూపము మచ్చకట్టి మూసికొనిపోవును. అప్పుడు ఏ నూనెయు దానిని తెరువజాలదు.

బ్యూటీపార్లరులలో మందు రాయించి, కాలిన ఇనుపపట్టీతో నుదుటి జుట్టును సాపుచేయించుకొనుటను గూర్చి రెండుమాటలు. ఆ మందులలో కొన్ని వేడి తగిలినపుడు ఫార్మాల్డిహైడ్ అను వాయువును విడుచును. అది మనుష్యులకు క్యాన్సరు కలిగింపగలదని అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధన సంస్థ 2004లో నిర్ణయించినది. కంటికి, ముక్కుకు అంత సమీపమున ఆ సాహసము దేనికి? ముంగురులు త్వరలోనే రాలి క్రొత్తవి మొలచునవి గనుక, ఆ సాపు నిలుచుకాలమును స్వల్పమే.

నుదుటనే కాక తలంతటను జుట్టు పలుచబడుచున్నచో, రక్తపరీక్ష చేయించుకొనుట యుక్తము. 2019-21 జాతీయ కుటుంబారోగ్య సర్వేనుబట్టి మన దేశమున 15 నుండి 49 ఏండ్ల స్త్రీలలో నూటికి 57 మంది రక్తహీనులు. ఇనుము చాలనినాడు శరీరము జుట్టును పోషింపజాలదు. అట్టివారికి కావలసినది లేపనము కాదు, తోటకూర, పప్పు, మాంసాహారులకు మాంసము, వైద్యుడు చెప్పినచో ఇనుముమాత్ర.

తల్లులకు, నాట్యాచార్యులకు, తలకు నూనె రాచి జడలు బిగువుగా ఉండవలెనని నియమము పెట్టు ప్రధానోపాధ్యాయినులకు నా విన్నపము ఒకటే. జడ వేసిన తరువాత పిల్లను కనుబొమలు పైకెత్తి చూపుమనుడు. నొప్పి అనినచో విప్పి వదులుగా వేయుడు. పాపటను, జడ కట్టు చోటును అప్పుడప్పుడు మార్చుడు. తడితలకు జడ వేయకుడు. రాత్రి జడ విప్పి, వదులుగా అల్లి పండుకొననిండు. నుదుట నాలుగు ముంగురులు లేచి కనబడినంతమాత్రమున పిల్ల శుభ్రముగా లేదని తరగతిలో నిలబెట్టకుడు. కణతలవద్ద జుట్టు పలుచబడుచున్నట్లు తోచినచో, పండుగలు పెండ్లిండ్లు అయిపోనిమ్మని వాయిదా వేయక, ఆ వారములోనే చర్మవైద్యునికి చూపింపుడు.